ఫైబరు పడవకు చిల్లు పడినప్పుడు

చేపల చెరువులు గల మన సభ్యులలో పడవ లేనివారు మిక్కిలి కొలదిమంది. మేత సంచులు కట్టుటకును, సున్నమును ఎరువును చల్లుటకును, వలలు చేరవేయుటకును, గట్ల వెంబడి తిరిగి చూచుటకును పడవ యవసరము. పూర్వము కొల్లేటి ప్రాంతమున నీ పనులు తాటి దోనెలతో జరిగెడివి. దోనె చీకిపోయినప్పుడు మరియొక తాటి బోదెను తొలుచుకొనెడివారు. కొయ్య పడవ యైనచో గ్రామమున వడ్రంగి యుండెడివాడు. పలకల సందులలో నార కూరి, గుగ్గిలమును నూనెను కలిపి కాచి పూసి, మరల నీటిలోనికి త్రోసెడివాడు. ఇప్పుడు ఆ రెండింటి చోటను ఫైబరు పడవ యాక్రమించినది. అది తేలిక, చీకదు, చెదలు పట్టదు. కాని దానికి దెబ్బ తగిలిన నాడు ఎవరిని పిలువవలెనో రైతునకు తోచదు. వడ్రంగి తన పని కాదనును, కమ్మరియు తన పని కాదనును. మోటారు బండ్లకు రంగు వేయువాడు వచ్చి, పుట్టి పూసి, పైన రంగు కొట్టి, కూలి పుచ్చుకొని పోవును. ఆ పుట్టి యెన్ని దినము లుండునో మేము కన్నులార చూచితిమి. ఆ సంగతి మొదట చెప్పి, తరువాత పని విధానమునకు వచ్చెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట కొల్లేటి పొలిమేర నొక రైతు పడవకు, తూము సిమెంటు అంచు తగిలి, ముందు భాగమున అరచేయి పట్టునంత చిల్లు పడినది. ఆయన మమ్ము సలహా యడిగెను. మేము వరి మడులలోను మినుము చేలలోను తిరుగువారమే గాని పడవల సంగతి యెరిగినవారము కాము. అయినను అడిగినవారికి తెలియదని చెప్పుటకు మావంటి ఉద్యోగులకు నోరు రాదు. బజారున దొరకు రెండు ముద్దలను కలిపి పిసికి చిల్లులో పెట్టి పైన రంగు వేయుడని చెప్పితిమి. అట్లే చేసిరి. చిల్లు పడిన చోటు కూడ కనబడలేదు. పడవ 20 దినములు చక్కగా నడచినది. ఆ మరునాడు 6 తవుడు బస్తాలతో, అనగా 300 కిలోల బరువుతో, చెరువు నడుమ నుండగా ఆ ముద్ద పెట్టినది పెట్టినట్లే యూడి పడిపోయెను. బస్తాల నవతల పారవేయుటకైనను వ్యవధి లేకపోయెను. పడవలోని కూలివానికి ఈత రాదు. మేత సంచులు కట్టెడు వెదురు గడను కౌగిలించుకొని, గడ్డము వరకు నీటిలో నుండి, రెండవ పడవ వచ్చువరకు నిలిచెను. ఒడ్డునకు వచ్చిన పిమ్మట అతడు మమ్ములను ఒక్క మాటయు ననలేదు. మేమే కాకినాడ వైపు తీరమున ఫైబరు పడవలు చేయు షెడ్లకు పోయి, ఆ పనివారి ప్రక్కన కూర్చుండి, తప్పు ఎచ్చట జరిగెనో తెలిసికొంటిమి. వారివలన నేర్చినదియు, తరువాత మా చేతులతో బాగుచేసిన పడవలవలన తెలిసినదియు ఇచ్చట వ్రాయుచున్నాము.

ఫైబరు పడవ యనగా రెండు వస్తువుల కూడిక. ఒకటి గాజును సన్నని దారములుగా తీసి పరచిన మ్యాటు. రెండవది రెసిను అను జిగట ద్రవము. రెసినులో గట్టిపరచు మందు కలిపి మ్యాటును తడిపినచో అది కొలది నిమిషములలో గడ్డకట్టి, రాయివలె గట్టిపడును. బలము గాజుది, ఆ గాజును కదలనీయక పట్టియుంచుట రెసిను పని. ఈ విధముగా పాలియెస్టరు రెసినుతో చేసిన మొదటి పడవలలో నొకటి 1942లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున తయారైనది. మన తూర్పు తీరమున 1979లో మద్రాసు కేంద్రముగా నారంభమైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమమువారు, కెరటములను దాటి యిసుకపైకి లాగదగిన ఫైబరు పడవలను జాలరులచేత నడిపించి చూచిరి. సముద్రముననుండి చెరువులోనికి వచ్చుట దానికి కష్టము కాలేదు.

ఇక ముఖ్యమైన విషయము. పడవను క్రొత్తగా చేయునప్పుడు ఒక పొర యింకను పూర్తిగా పండకముందే దానిపై రెండవ పొర వేయుదురు. అప్పుడు రెండు పొరల రెసినును లోలోపల కలిసిపోయి యొక్కటే వస్తువగును. సంవత్సరము గడచిన పడవయం దట్లు జరుగదు. పాత రెసినులో కలియుటకు మిగిలినది దాదాపు ఏమియు నుండదు. క్రొత్త రెసిను పాతదాని గరుకును గోళ్ళతో పట్టుకొన్నట్లు పట్టుకొని యుండవలసినదే. కావున అతుకు నిలుచుట రెండింటిపై నాధారపడియున్నది: పట్టుకొనుటకు చోటెంత యున్నది, ఆ చోటు ఎంత శుభ్రముగాను గరుకుగాను ఉన్నది. మేము పెట్టించిన ముద్దకు పట్టు ఎంత? అయిదు మిల్లీమీటర్ల దళసరి గల చిల్లు అంచు మాత్రమే. పైన నునుపైన రంగు. కూలివాడు కాలు మోపిన ప్రతిసారియు అడుగు కొంచెము వంగును, ముద్ద వంగదు. వంగుదానికిని వంగనిదానికిని నడుమ నిలిచినది అయిదు మిల్లీమీటర్ల అంచు. ఇరువది దినములు నిలుచుటయే గొప్ప.

మేము చదివిన మిషను పాఠశాలలో వారమునకు రెండు గంటలు వడ్రంగము నేర్పెడివారు. రెండు వాసములను పొడవున నతుకవలసి వచ్చినచో కొనలను తిన్నగా కోసి యెదురెదురుగా పెట్టరాదనియు, రెండింటిని ఏటవాలుగా చెక్కి యొకదానిపై నొకటి చేర్చవలెననియు మా ఉపాధ్యాయులు చెప్పెడివారు. ఫైబరు పడవకు కావలసినదియు ఆ ఏటవాలు అతుకే. కొలత యేమనగా, పడవ దళసరి యెంత యున్నదో దానికి 12 రెట్లు వెడల్పున చిల్లు చుట్టును వాలుగా అరుగదీయవలెను. దళసరి 5 మిల్లీమీటర్లైనచో వాలు 60 మిల్లీమీటర్లు, అనగా 6 సెంటీమీటర్లు. ఈ లెక్కను 15 సెంటీమీటర్ల చిల్లునకు అతుకు 27 సెంటీమీటర్ల వెడల్పగును. చిన్న చిల్లునకు ఇంత పెద్ద గాయము చేయవలెనా యని చూచువారు బెదరుదురు. మాతో పనిచేసిన రైతులలో చేయి వెనుకకు తీసికొననివాడు ఒక్కడును లేడు. కాని తక్కువ చేసినచోట తక్కువగానే నిలుచును.

పని యారంభించుటకు ముందు దెబ్బ యెంతవరకు ప్రాకినదో తెలిసికొనవలెను. కంటికి కనబడు చిల్లు అసలు దెబ్బలో సగముకూడ కాకపోవచ్చును. పడవను గట్టుపైకి తెచ్చి, మంచినీటితో కడిగి బోర్లించి, రూపాయి నాణెముతో చిల్లు చుట్టును మెల్లగా తట్టుచు పోవలెను. బాగుగా నున్నచోట గణగణమను స్పష్టమైన చప్పుడు వచ్చును. పొరలు విడిపోయినచోట డొల్ల కుండ చప్పుడువలె చచ్చుధ్వని వచ్చును. ఎచ్చట చప్పుడు మారునో అచ్చట సుద్దతో గీత గీయవలెను. రంగు పలుచనైన పడవ యైనచో చీకటి పడిన తరువాత లోపల టార్చిలైటు పెట్టి వెలుపలినుండి చూచినను విడిపోయిన చోటు వేరుగా కనబడును. చిల్లు లేకయే నీరూరుచున్న పడవ యైనచో దానిని రెండు దిమ్మెలపై తిన్నగా నిలిపి, లోపల నీరు పోసి, వెలుపల చెమ్మ యెచ్చట దిగునో చూడవలెను. మఱియు తేలుటకై ముందు వెనుకల గాలి పెట్టెలుండు పడవలయందు ఆ పెట్టెలను మరువరాదు. పెట్టెలోనికి చీలికగుండ నీరు చేరినచో పైకి తెలియదు; పడవ మాత్రము నానాటికి బరువెక్కుచుండును. అట్టి పడవ మునిగిన నాడు తేలదు.

తరువాత ఆరబెట్టుట. ఇచ్చటనే మనవారు తొందరపడుదురు. మేత ఒకపూట తప్పినచో చేప చిక్కునను భయము వారిది. ఆ భయము మాకును తెలియును. అయినను తడిసిన ఫైబరుపై రెసిను పట్టదు. విరిగిన యంచులందు గాజు దారముల వెంబడి నీరు లోనికి ప్రాకియుండును. ఎండలో మూడు నాలుగు దినము లుంచవలెను. ఆరినదో లేదో తెలిసికొనుటకు తేలిక యుపాయము కలదు. అరుగదీసిన చోటుపై పారదర్శకమైన పాలిథీను ముక్క పరచి, అంచుల చుట్టును టేపు అంటించి రాత్రియంత యుంచినచో, తెల్లవారునప్పటికి దాని లోపలి వైపున చెమ్మ బొట్లు కనబడినయెడల ఇంకను ఆరలేదన్నమాట. ముసురు దినములలో నీ పని పెట్టుకొనరాదు. అత్యవసరమైనచో పొరుగువాని పడవ నెరువు తెచ్చుకొనుట మేలు.

అరుగదీయుటకు ముందు అసిటోనులో ముంచిన శుభ్రమైన గుడ్డతో చుట్టుప్రక్కల తుడువవలెను. ఈ క్రమము తప్పరాదు. పడవను అచ్చునుండి ఊడదీయుటకై పూసిన మైనము పైపొరపై నుండవచ్చును. తుడువక రుద్దినచో ఆ మైనము గాజులోనికి దిగబడును. కిరసనాయిలుతోను డీజిలుతోను తుడువరాదు. అవి చమురు పొరను మిగుల్చును. పిమ్మట విరిగిన, తెల్లబారిన, పొరలు విడిన భాగమును మంచి భాగము వచ్చువరకు కోసి తీసివేయవలెను. చిల్లును గుండ్రముగా గాని కోలగా గాని చేయవలెను. మూలలుంచినచో ప్రతి మూలనుండియు మరల బీట బయలుదేరును. అప్పుడు గ్రైండరునకు 40 నంబరు బిళ్ళ తగిలించి, సుద్ద గీతనుండి చిల్లు అంచు వరకు క్రమముగా పలుచనగునట్లు వాలు తీయవలెను. అంచు కత్తివాదరవలె సన్నగా రావలెను. వాలులో ఎచ్చటను మెరపు మిగులరాదు. మెరయుచున్నచోట గరుకు లేదని యర్థము.

ఈ దుమ్ము విషయము కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. గాజు పొడి చర్మమున దిగి దురద పెట్టును, ఊపిరితిత్తులకు చేటు చేయును. ముక్కునకు మంచి మాస్కు, కండ్లకు అద్దములు, నిండు చేతుల చొక్కా ఉండవలెను. తలగుడ్డ చుట్టినంతమాత్రమున చాలదు. పని ముగిసిన తరువాత ముందు చన్నీళ్ళతో కడుగుకొనవలెను. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతుకరాదు. చెరువు గట్టుపై గాలివాటమున పనిచేసి పొడిని నీటిపాలు చేయరాదు. అసిటోను, రెసిను కడిగిన నీళ్ళు చెరువులో పారబోయుట మరింత తప్పు. శీలావతియు బొచ్చెయు దానిని తిని బ్రతుకవలసినవి కావు.

సామగ్రి కొనునప్పుడు నాలుగు విషయములు చూడవలెను. మ్యాటు చదరపు మీటరునకు 300, 450, 600 గ్రాముల బరువులలో దొరకును. మన పనికి 450 గ్రాములది చాలును. దాని పొర యొక్కటి రమారమి ఒక మిల్లీమీటరు దళసరి నిచ్చును. కావున 5 మిల్లీమీటర్ల పడవకు 5 పొరలు. రెసినులలో సామాన్యపు రకమును, ఐసోథాలిక్ అను రకమును కలవు. రెండవది కొంచెము ఖరీదైనను నీటికి బాగుగా నాగును. కొనునప్పుడు తయారైన తేది యడుగవలెను. చల్లని చోట నుంచినచో ఆరు నెలల వరకు నిలుచునని చెప్పెడు రెసిను, రేకుల కొట్టులో వేసవి గడపినయెడల అంతకాలము నిలువదు. డబ్బాలో బెల్లపు పాకమువలె సాగుచున్న రెసినును తీసికొనరాదు. కోబాల్టు అను త్వరపరచు మందు ముందే కలిపినదా, విడిగా కలుపవలెనా యనునది నాలుగవ ప్రశ్న. ఈ ప్రశ్న నడుగక వచ్చినవానికి పని చెడును. ఒక్కొకప్పుడు ప్రాణమునకే ముప్పు రావచ్చును.

ఏలయన, రెసినునకు రెండు మందులు కావలెను: ఊదారంగు కోబాల్టు ఒకటి, నీళ్ళవలె తెల్లగానుండు హార్డెనరు రెండవది. ఈ రెండింటిని నేరుగా ఒకదానితో నొకటి ఎన్నడును కలుపరాదు. కలిపినచో భగ్గున మండును, పేలును. ఒకే కొలతగిన్నెను రెండింటికి వాడుటయు ప్రమాదమే. కోబాల్టు విడిగా నిచ్చినయెడల, అమ్మువాడు చెప్పిన పాలులో దానిని ముందు రెసినులో పోసి, బాగుగా కలిపి, మొత్తము ఒక్క రంగునకు వచ్చిన తరువాతనే హార్డెనరు పోయవలెను. హార్డెనరు కంటిలో పడినచో చూపు పోవును. అద్దములు లేక దాని మూత తీయరాదు. పొరబాటున పడినయెడల ఆ క్షణముననే ధారాళమైన మంచినీటితో పావుగంటకు తక్కువ కాకుండ కడిగి, ఆసుపత్రికి పోవలెను. చిల్లర కొట్లలో దీనిని చిన్న సీసాలలో పోసి యిత్తురు. నీళ్ళ సీసాలోను, కూలుడ్రింకు సీసాలోను పోసి గట్టుపై పెట్టిన రైతులను మేము చూచితిమి. దాహము వేసినవాడు అందులోనిది మందని యెట్లు తెలిసికొనును? ఆ సీసా వేరుగా నుండవలెను, పేరు అంటించి యుండవలెను, రెసినునకును కోబాల్టునకును దూరముగా, నీడలో నుండవలెను. రెసిను ఆవిరి నిప్పంటుకొనును గనుక దగ్గర బీడీ, పొయ్యి కూడదు.

హార్డెనరు పాలు కిలో రెసినునకు 10 గ్రాములనుండి 20 గ్రాముల వరకు. మన వేసవిలో 10 గ్రాములు చాలును. అంతకంటె తగ్గించినచో రెసిను పూర్తిగా పండక మెత్తగానే యుండును. కొలతకు సూదిమందు సిరంజి మంచి సాధనము. మూతతో ఉజ్జాయింపుగా పోయరాదు. ఎక్కువ పోసినచో త్వరగా గట్టిపడునని కొందరి నమ్మకము. గట్టిపడుట నిజమే; గిన్నెలోనే గట్టిపడి, పొగలు క్రక్కి, ప్లాస్టిక్కును కరగించును. తొలుత 50 గ్రాములు కలిపి ఎన్ని నిమిషములకు గడ్డకట్టునో గడియారము చూచి తెలిసికొని, పిమ్మట అసలు పనికి దిగవలెను. ఉదయము ఏడు గంటలకు నీడలో చేయు పనికిని, మధ్యాహ్నము రెండు గంటలకు ఎండలో చేయు పనికిని ఈ కాలము సగమునకు సగము మారవచ్చును. ఉదయమే మేలు. ఒకేసారి పది పదిహేను నిమిషములలో వాడదగినంత మాత్రమే కలుపవలెను. మిగిలినదానిని గిన్నెలో ముద్దగా వదలక, ఇసుకపై పలుచగా పోసి గట్టిపడిన తరువాత తీసివేయవలెను.

పైన చెప్పిన 15 సెంటీమీటర్ల చిల్లునకు 90 గ్రాముల మ్యాటును, దానికి రెండుంబాతిక రెట్లు, అనగా సుమారు 200 గ్రాముల రెసినును పట్టును. కుంచెకును గిన్నెకును అంటుకొని పోవుదానితో కలిపి 300 గ్రాములు పెట్టుకొనవలెను.

పడవ బోర్లించియే యుండును గదా. లోపలి వైపున చిల్లునకు ఆనుకొనునట్లు, పాలిథీను చుట్టిన రేకు ముక్కను పెట్టి, క్రిందినుండి కర్రతో పోటు పెట్టవలెను. రేకు పడవ వంపునకు సరిగా వంగియుండవలెను. తరువాత మ్యాటును అయిదు ముక్కలుగా, ఒకదానికంటె నొకటి రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు తక్కువగా కత్తిరించుకొనవలెను. మ్యాటు తడిసిన తరువాత కత్తిరించుట సాధ్యము కాదు. వాలు అంతటను కుంచెతో రెసిను పూసి, మొదట అన్నిటికంటె పెద్ద ముక్కను పరచవలెను. చిన్నది మొదట వేసి పెద్దది చివర వేయువారును కలరు. మా యభిప్రాయమున పెద్దది మొదట వేయుటయే సరియైనది. వాలు నంతటిని ఒక్క ముక్క అంచు మొదలు అంచు వరకు పట్టుకొనును. చివర నునుపు చేయుటకు రుద్దునప్పుడు తెగునవి పైనున్న చిన్న ముక్కలే యగును గాని ఆ పెద్ద ముక్క తెగదు.

మ్యాటును రెసినుతో తడుపునప్పుడు కుంచెను రంగు పూసినట్లు లాగరాదు, పొడిచినట్లు తట్టవలెను. తెల్లని మ్యాటు తడిసి గాజువలె పారదర్శకమైనప్పుడు రెసిను చాలినదని తెలియవలెను. తెల్లని చుక్కలు మిగిలినచో అవి గాలి బుడగలు. చిన్న రోలరుతో నడుమనుండి అంచులకు త్రోయవలెను. రెసిను మడుగు కట్టినయెడల అదియు దోషమే. గాజు లేని రెసిను పెళుసు, దెబ్బకు పగులును. మూడు పొరలు వేసి ఆగవలెను. అయిదును ఒక్కసారి వేసినచో లోపల వేడి పుట్టి అతుకు మెలిక తిరుగవచ్చును. మూడును గడ్డకట్టి, చేతికి వేడి తగ్గిన తరువాత మిగిలిన రెండు వేయవలెను. నడుమ ఒక దినమునకు మించి యాగవలసి వచ్చినచో, ముందు పొరను ఉప్పుకాగితముతో గరుకు చేయక రెండవదానిని వేయరాదు; కారణము మొదట చెప్పినదే.

గాలి తగులు రెసిను పైపొర ఎన్ని దినములైనను జిడ్డుగా నుండును. చివరి పొరపై పాలిథీను పరచి, బుడగలు లేకుండ చేతితో తుడిచి యుంచినచో ఆ జిడ్డు మిగులదు. మరునాడు పాలిథీను తీసి, 80 నంబరు ఉప్పుకాగితముతోను తరువాత 120 నంబరుతోను రుద్ది, గుంటలున్నచో రెసినులో టాల్కు పొడి కలిపి నింపి, జెల్‌కోటు గాని మంచి పడవ రంగు గాని వేయవలెను. పుట్టి స్థానము ఇది. గుంట నింపుట దాని పని, బరువు మోయుట దాని పని కాదు. పిమ్మట పడవను తిరుగవేసి, రేకు తీసి, లోపలి వైపున అతుకు చుట్టును గరుకు చేసి, అతుకును దాటి నాలుగువైపులను 5 సెంటీమీటర్లు పోవునట్లు రెండు పొరల మ్యాటు వేసినచో కాలు మోపు చోటు బలపడును.

నీటిలో దింపుటకు వారము దినములు ఆగుట మంచిది. రెసిను ఘాటు వాసన యింకను గట్టిగా వచ్చుచున్నచో పండలేదని తెలిసికొనవలెను. అతుకును నాణెముతో తట్టినప్పుడు మంచిచోట వచ్చు చప్పుడే రావలెను. లోపల నీరు పోసి ఒక రాత్రి యుంచి చూచి, ఆ మీద ఖాళీ పడవతో ఒకరోజును, సగము బరువుతో ఒకరోజును నడిపి, తరువాత పూర్తి బరువు వేయవలెను. ఇది మా నియమము, పుస్తకములలో లేదు. వెదురు గడను కౌగిలించుకొనిన మనుష్యుడు కనుల యెదుట నున్నంతకాలము మేము దీనిని విడువజాలము.

ఎపాక్సీ అను రెసిను గూర్చి కొందరు సభ్యులడిగిరి. పాత ఫైబరును పట్టుకొనుటలో అది పాలియెస్టరుకంటె గట్టిది, ఖరీదును ఎక్కువ. అయితే మామూలు మ్యాటులోని దారములను కూర్చిన జిగురు పాలియెస్టరు రెసినులో కరగునట్లు చేసినది. ఎపాక్సీలో అది సరిగా కరగదు. కావున ఎపాక్సీతో చేయువారు నేసిన గాజు గుడ్డను వాడవలెను. పైన పాలియెస్టరు జెల్‌కోటు వేయక రంగు వేసికొనవలెను.

చిల్లు లేకయే అడుగున కందిగింజలంత పొక్కులు లేచిన పడవలును మన చెరువులలో కలవు. ఉప్పునీటికంటె మంచినీటిలో, చల్లని నీటికంటె వెచ్చని నీటిలో నీ పొక్కులు త్వరగా వచ్చును. మన చెరువు నీరు మంచినీరును వెచ్చనిదియు గదా. నీరు పైపొరగుండ మెల్లగా లోనికి దిగి, రెసినులోని మలినములతో చేరి, ఇంకను నీటిని లోనికి లాగుకొనును. పొక్కును పొడిచినచో పుల్లని ఘాటు వాసనగల నీరు వచ్చును. వాటిని తెరచి, మంచినీటితో పలుమారులు కడిగి, వారముల తరబడి ఆరబెట్టి, ఎపాక్సీ పుట్టితో నింపవలెను. రానీయకుండుటకు సులభమైన ఉపాయము, పని లేని దినములలో పడవను నీటిలో కట్టివేయక గట్టుపై రెండు దుంగలమీద బోర్లించుట. ఎండ తగులకుండ నాలుగు తాటాకులు కప్పినచో రంగును నిలుచును.

రెసినును మన సభ్యుడొక్కడే కిలోల లెక్కన కొనుట దండుగ. 300 గ్రాములు వాడి మిగిలినది పాడుచేయును. పదిమంది కలిసి వేసవి యారంభమున, చెరువులు ఎండగట్టి పడవలు గట్టుకెక్కిన వారములో, ఒక డబ్బా తెప్పించుకొని అన్ని పడవలను వరుసగా చూచుకొనుట లాభము. గ్రైండరు, అద్దములు, మాస్కులు సంఘము గిడ్డంగిలో నుంచి, కూలి మోటారు ఇచ్చినట్లే ఇయ్యవచ్చునని కార్యవర్గమునకు మనవి చేసియున్నాము. హార్డెనరు సీసాను మాత్రము గుమాస్తా తాళమువేసిన పెట్టెలో, పురుగుమందులకును దూరముగా నుంచవలెను.

ఇంజను బిగించెడు వెనుక పలక కదలిన పడవలను, అడుగు వెన్ను విరిగిన పడవలను, రెండు పొరల నడుమ కొయ్యగాని నురుగుగాని పెట్టి చేసినవానిలో ఆ నడుమ వస్తువు నీరు పట్టినవానిని మన చేతులతో బాగుచేయ ప్రయత్నింపరాదు. వాటిని ట్రాక్టరు తొట్టిలో క్రింద వరిగడ్డి పరచి, త్రాళ్ళతో కదలకుండ కట్టి, పడవలు చేయు షెడ్డుకు పంపవలెను. గడ్డి పరచుట మరువరాదు. మేము చూచిన చిల్లులలో కొన్ని తొట్టి అంచుల వలన, చెరువుకు పోవు దారిలోనే పడినవి.